మీ నాన్నగారికి ధైర్యం తక్కువై కాదు

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. విజయవాడ సింగ్‌నగర్‌లో మీ నాన్నగారికి ఇరవై రెండేళ్లుగా మోటార్ వైండింగ్ షాపు ఉంది, 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు ముంచెత్తినప్పుడు అది వారం పైగా నీళ్లలోనే ఉండిపోయింది, ఎనిమిది నెలలు దాటినా ఆయన షాపు మళ్లీ తెరవలేదు అని రాశారు. ఎదురుగా టిఫిన్ సెంటర్ ఆయన దసరాకి తెరిచేశాడు, పక్కన కిరాణా ఆయన దీపావళికి తెరిచేశాడు, మా నాన్న మాత్రం ఫోన్ స్విచ్ఛాఫ్ చేసుకుని గోడవైపు తిరిగి పడుకుంటున్నారు, కొందరు అంత త్వరగా ఎలా లేచి నిలబడతారు, అది పుట్టుకతో వచ్చే గుణమా, మా నాన్నకి మనోధైర్యం తక్కువా, తక్కువైతే ఎలా పెంచాలి అని అడిగారు.

తక్కువ కాదు. ముందు ఆ మాట మనసులోంచి తీసెయ్యండి, ఎందుకంటే మీరు పైకి అనకపోయినా ఒకే ఇంట్లో ఉంటున్నప్పుడు ఆయనకి అది తెలిసిపోతూనే ఉంటుంది.

నేనెవరో చెబితే తర్వాత రాసేది ఎంతవరకు పట్టించుకోవాలో మీకే తెలుస్తుంది. మాది కృష్ణా జిల్లా తీరంలో దివిసీమ. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చినప్పుడు నాకు తొమ్మిదేళ్లు. 1990 తుపానప్పుడు డిగ్రీ అయిపోయి ఖాళీగా ఉంటే ఒక స్వచ్ఛంద సంస్థ వాళ్లు లెక్కలు రాయడానికి రమ్మన్నారు, అలా వెళ్లినదాన్ని ముప్ఫై ఏళ్లకు పైగా ఆ పనిలోనే ఉండిపోయాను. 1996లో కోనసీమ, 2004లో సునామీ, 2014లో హుద్‌హుద్ తుపాను, 2018లో తిత్లీ తుపాను, అన్నిచోట్లా తిరిగాను. మొదట్లో బియ్యం, టార్పాలిన్లు పంచే పని, తర్వాత తర్వాత ఇళ్లకి వెళ్లి కూర్చుని మాట్లాడే పని. డాక్టర్ని కాను, ఆ సంగతి కింద చెప్తాను.

ఇన్నేళ్లలో నాకు గట్టిగా అనిపించింది ఒకటే. కష్టం తర్వాత మనిషి లేచి నిలబడటం ఆ మనిషి గుండె ఎంత గట్టిది అన్నదాని మీద కొంతే ఆధారపడుతుంది. చేతికి ఏం అందింది, ఎప్పుడు అందింది, పక్కన ఎవరున్నారు, తెల్లారితే చెయ్యడానికి ఏదైనా పని ఉందా అన్నదాని మీదే ఎక్కువ ఆధారపడుతుంది. మిమ్మల్ని ఓదార్చడానికి అంటున్న మాట కాదిది. మా దివిసీమనే చూడండి. 1977లో పదివేల మందికి పైగా పోయారు. 1990 మే 9న దాదాపు అంత బలమైన తుపానే మళ్లీ కృష్ణా నది సముద్రంలో కలిసే చోటుకి దగ్గర్లోనే తీరం దాటింది, ఆ సారి పోయినవాళ్లు వెయ్యికి లోపు. ఆ వెయ్యీ తక్కువని కాదు. కానీ మధ్యలో ఆ పదమూడేళ్లలో మావాళ్ల గుండెలేం గట్టిపడలేదు. ఉప్పెన రోజు సముద్రం ఊరి మీదికి వస్తుందని మా ఊళ్లో ఎవరికీ తెలియదు, తుపాను అన్నారు, తుపాన్లు మాకు కొత్తవి కావు, మధ్యాహ్నం దాకా ఎవరి పని వాళ్లు చేసుకుంటూనే ఉన్నారు. 1990 నాటికి తుపాను షెల్టర్లు వచ్చాయి, కబురు ముందే వచ్చింది, ఏ డాబాకి పోవాలో ఊరందరికీ తెలుసు, ఇల్లు వదిలి రానని మొండికేసిన ముసలివాళ్లని మనుషులు మోసుకెళ్లారు. ఊళ్లు అవే, మనుషులు వాళ్లే.

మా ఇంటి సంగతి ఒకటి చెప్తాను, మీ నాన్నగారి గురించి చదువుతుంటే నాకు మా అమ్మే గుర్తొచ్చింది. ఉప్పెనప్పుడు మా తమ్ముడికి నాలుగేళ్లు. నీళ్లలో నాన్న భుజం మీంచి జారిపోయాడు. దాని గురించి ఇంతకన్నా రాయలేను. ఆ తర్వాత నెలల తరబడి అమ్మ ఎవరితోనూ మాట్లాడలేదు. ఊళ్లో మిగిలినవాళ్లందరం బడి డాబాలోనూ దాని చుట్టూ వేసిన తాటాకు పాకల్లోనూ ఉండేవాళ్లం, వంట ఉమ్మడిగా జరిగేది. నాన్నకి పొలం ఉంది. కోతకొచ్చిన వరి అంతా ఉప్పునీళ్లలో కుళ్లిపోయింది, ఆరిన చోటల్లా నేల మీద ఉప్పు తెల్లగా పేరుకుపోయింది. ఆయన రోజూ వెళ్లి చేలోకి కాలవ నీళ్లు పెట్టడం, తీసెయ్యడం, మళ్లీ పెట్టడం, మధ్యమధ్యలో చిటికెడు మట్టి నాలుక మీద వేసుకుని ఉమ్మెయ్యడం, ఉప్పదనం తగ్గిందా లేదా అని. ఆయనకి దుఃఖం లేక కాదు, రాత్రిళ్లు పాక వెనక్కి వెళ్లి ఏడ్చేవాడు, నేను విన్నాను. కానీ తెల్లారితే వెళ్లడానికి ఆయనకొక చోటుంది. అమ్మకి అదీ లేదు. ఇల్లు లేదు, పొయ్యి లేదు, ఎత్తుకోవడానికి పిల్లాడు లేడు. చూడటానికి వచ్చినవాళ్లు, మంచివాళ్లే అందరూ, "ధైర్యంగా ఉండమ్మా, ఈ పిల్ల మొహం చూసి బతకాలి" అని నా తల నిమిరి వెళ్లేవాళ్లు. అమ్మ వాళ్ల వంక చూసేది కూడా కాదు.

పక్కింటి అత్త ఒకావిడ ఉండేది, ఆవిడ ఇంట్లో ఇద్దరు పోయారు. ఒకరోజు చేట తెచ్చి అమ్మ ఒళ్లో పెట్టింది. "వదినా, నాకు కళ్లు సరిగా ఆనడం లేదు. ఈ బియ్యంలో రాళ్లు కాస్త ఏరిపెట్టు, పిల్లలు అన్నం ఉమ్మేస్తున్నారు" అని, అమ్మ ఏమంటుందో కూడా చూడకుండా వెళ్లిపోయింది. మాకు పంచిన బియ్యంలో నిజంగానే రాళ్లు ఉండేవి. అమ్మ చాలాసేపు ఆ చేట వంక చూస్తూ కూర్చుంది. తర్వాత ఒక వేలితో నాలుగు గింజలు పక్కకి జరిపింది. సాయంత్రానికి ఆవిడ పక్కన నేల మీద చిన్న రాళ్ల కుప్ప ఉంది. మర్నాడు అత్త మళ్లీ చేట తెచ్చింది, ఆ మర్నాడు కూడా. ఎన్నాళ్లకో అమ్మ నోట్లోంచి వచ్చిన మొదటి మాట "ఈ బస్తా నిన్నటిదానికన్నా నయం" అని. ఆ తర్వాత ఎన్నో ఏళ్లకి నేను గమనించింది ఏమిటంటే, ఆ అత్త అరవై దాటాక కూడా దీపం వెలుగులో సూదిలోకి దారం ఎక్కించేది.

ఈ పనిలో ఎన్నో ట్రైనింగులకి వెళ్లాను, చాలా నేర్చుకున్నాను, అయినా మీలాంటివాళ్లు ఎవరడిగినా ముందు ఆ చేటే గుర్తొస్తుంది.

పుట్టుకతో వచ్చే గుణమా అన్నారు కాబట్టి ఒక పరిశోధన గురించి కూడా చెప్పాలి. హవాయిలో కవాయి అనే దీవి ఉంది. అక్కడ 1955లో పుట్టిన 698 మంది పిల్లల్ని దశాబ్దాల పాటు వెంట ఉండి గమనించారు. పేదరికం, తాగుడు, ఇంట్లో గొడవలు, ఇలా ఒకదాని మీద ఒకటి కష్టాలు పడ్డ పిల్లల్లో మూడోవంతు మంది ఏ ఇబ్బందీ లేకుండా చక్కగా ఎదిగొచ్చారు. స్వభావం పాత్ర కొంత ఉంది, లేదనను, చంటితనం నుంచే నలుగురికీ మాలిమి అయ్యే పిల్లలు వాళ్లు. కానీ వాళ్ల జీవితాల్లో మళ్లీ మళ్లీ కనిపించింది, తల్లీ తండ్రీ కాకపోయినా అమ్మమ్మో, టీచరో, పక్కింటివాళ్లో, వదిలిపెట్టకుండా పట్టించుకున్న పెద్దవాళ్లు ఒకరైనా ఉండటం. పెద్దవాళ్ల విషయంలోనూ నేను చూసింది ఇదే. మీ ఇంట్లో ఆ ఒక్కరు మీరే అనుకుంటున్నాను, ఎనిమిది నెలల తర్వాత కూడా ఆయన కోసం ఇంత పొడుగు ప్రశ్న రాశారంటే.

ఇప్పుడు మీ నాన్నగారి విషయానికొద్దాం. మీరు రాసినదాంట్లో మధ్యలో ఒక వాక్యం ఉంది, "రిపేరుకి వచ్చిన కస్టమర్ల మోటార్లు పాతిక ముప్ఫై దాకా లోపల ఉన్నాయి, నీళ్లు తగ్గాక ఒక్కసారి వెళ్లి చూసొచ్చి కొన్ని కనపడటం లేదన్నారు" అని. మీరు దాన్ని నష్టాల లిస్టులో ఒకటిగా రాసి వదిలేశారు. నాకు మాత్రం ముడి అక్కడే ఉందనిపిస్తోంది. టిఫిన్ సెంటర్ ఆయనకి పోయింది తన గ్రైండరు, తన పొయ్యిలు. కిరాణా ఆయనకి పోయింది తన సరుకు. మీ నాన్నగారి దగ్గర పోయినవి పరాయివాళ్ల వస్తువులు, ఆయన్ని నమ్మి అప్పజెప్పి వెళ్లినవి. ఇరవై రెండేళ్లు ఆ వీధిలో ఆయనకి ఉన్న పేరంతా ఆ నమ్మకమే కదా. ఆయన ఫోన్ ఆపేసుకోవడంలో నాకు పిరికితనం ఏమీ కనపడటం లేదు, జనానికి మొహం చూపించలేకపోతున్నారు, అంతే. పైగా నీళ్లు తీసిన మొదటి రెండు మూడు నెలల్లో ఆ ఏరియాలో ప్రతి ఇంట్లోనూ నీళ్ల మోటారు, మిక్సీ, ఫ్రిజ్జు పాడై ఉంటాయి, వైండింగ్ పని తెలిసినవాళ్లకి ఊపిరాడనంత పని దొరికే సమయం అది, ఆ సమయంలోనే చేతులు ముడుచుకుని కూర్చున్నానే అన్న బాధ దానికి తోడై ఉంటుంది. రోజు గడిచేకొద్దీ "ఇప్పుడు వెళ్లి ఏమని చెప్పను" అన్నది పెరుగుతుందేగానీ తగ్గదు.

1996 నవంబరు 6న కోనసీమ తీరాన్ని తుపాను కొట్టినప్పుడు వేటకి వెళ్లిన మత్స్యకారులు చాలామంది తిరిగి రాలేదు, శవాలు కూడా దొరకలేదు. భర్త పోయాడని కళ్లారా చూసిన ఆడవాళ్లు నెలలో రెండు నెలల్లో ఎంతో కొంత తేరుకుని పిల్లల కోసం కదిలారు. శవం దొరకనివాళ్లు అలా కదల్లేకపోయారు. బొట్టు తియ్యాలా ఉంచాలా, ఏడవాలా ఎదురుచూడాలా తెలియదు. ఒకామె ఏడాది పొడుగునా భర్త లుంగీలు ఉతికి ఆరేస్తూ ఉండటం నేను చూశాను, ఆమెని ఎవరు ఏమని ఓదారుస్తారు చెప్పండి. చివరికి ఊరి పెద్దవాళ్లు అలాంటి కుటుంబాలన్నిటినీ కూర్చోబెట్టి, అందరికీ కలిపి ఒకే రోజున కర్మ జరిపించారు, ఆ తర్వాతే ఆమె చేపల బుట్ట మళ్లీ ఎత్తుకుంది. మనిషి ప్రాణానికీ మోటార్లకీ పోలికేమిటి అనకండి. పోలిక ఎక్కడంటే, మీ నాన్నగారి షట్టర్ మూసి ఉన్నంతకాలం లోపల ఎంత పోయిందో, ఎంత మిగిలిందో తేలదు. తేలనిది మనసులో పెరుగుతూనే ఉంటుంది.

అందుకని నేనైతే ఇలా చేస్తాను.

"ధైర్యంగా ఉండు నాన్నా" అనడం ఆపండి, టిఫిన్ సెంటర్ ఆయన పేరు ఇంట్లో ఎత్తకండి. మీ అమ్మగారికి కూడా చెప్పండి. తర్వాత ఒక నోటు పుస్తకం కొనుక్కొచ్చి ఆయన పక్కన కూర్చోండి. షాపు తెరుద్దామని అనవద్దు. "నాన్నా, లోపల ఎవరెవరి మోటార్లున్నాయో నాకు తెలియదు, మీరు చెప్తే రాసుకుంటాను" అనండి. మొదటిరోజు కసురుకుంటారు. రెండో రోజు కూడా కసురుకోవచ్చు. కానీ పనివాడికి తన పని వివరాలు మర్చిపోవడం చేతకాదు, ఫలానా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ తెచ్చిన ఒక హెచ్‌పీ, ఫలానా రైతు తెచ్చిన ఐదు హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్, దానికి బేరింగు పోయింది, దీనికి వైండింగ్ కాలింది అని ఆయన నోటి నుంచే వస్తుంది. రానివ్వండి. మీరు తప్పు రాస్తే ఆయన దిద్దుతారు, దిద్దనివ్వండి, అసలు నేనైతే ఒకటి రెండు తప్పులు కావాలనే రాస్తాను.

లిస్టు తయారయ్యాక ఫోన్లు మీరు చెయ్యండి, ఆయన చేత చేయించకండి, ఇప్పుడే ఆయన వల్ల కాదు. "మీ మోటారు మా నాన్న దగ్గర ఉండిపోయింది, వరదలో ఏమైందో ఇప్పుడు చూస్తున్నాం, మీరే చెప్పండి ఏం చేద్దామో" అని ఉన్నదున్నట్టు చెప్పండి. ఒకరిద్దరు గట్టిగా మాట్లాడతారు, దానికి సిద్ధంగా ఉండండి. ఎక్కువమంది ఆ వరదలో మునిగినవాళ్లే, వాళ్లకి మీకన్నా బాగా తెలుసు. కొందరు ఎప్పుడో కొత్తది కొనేసుకుని ఉంటారు. ఇలాంటి చోట్ల "పోనీలే బాబూ, మీ నాన్న ఎలా ఉన్నాడు" అన్నవాళ్లే నాకు ఎక్కువగా కనిపించారు. ఆ మాట అన్నవాళ్లని ఒక్కసారి ఇంటికొచ్చి ఆయన్ని చూసి వెళ్లమని అడగండి. మొహమాటపడకండి, అడగండి.

షట్టర్ ఎత్తే రోజు ఇంటివాళ్లు గుంపుగా వెళ్లవద్దు, ఆయన మీ అందరి మొహాలూ చూస్తూ కుంగిపోతారు. ఆయన పనే చేసే ఇంకో మెకానిక్‌ని, పాత స్నేహితుడెవరైనా ఉంటే ఆయన్ని, వెంట పంపండి. మునిగిన మోటారు అంతటితో పనికిరాకుండా పోదని, బురద కడిగి, ఆరబెట్టి, అవసరమైతే పాత తీగ తీసేసి కొత్త కాపర్ చుట్టి వార్నిష్ పోస్తే చాలావాటికి ప్రాణం వస్తుందని వాళ్లిద్దరికీ తెలుసు. మనం చెబితే ఓదార్పులా ఉంటుంది, ఆ పని చేసేవాడు ఒక మోటారు విప్పి చేతిలో పెట్టి "అన్నా, దీనికి స్టేటర్ బాగానే ఉంది చూడు" అంటే వేరు. ఆ రోజుకి అంతే చాలు, ఒక మోటారు. బేరాలు తర్వాత.

డబ్బు సంగతి మీరు రాయలేదు, కానీ షాపు ఉన్నవాళ్లకి అప్పు లేకుండా ఉండదు. ప్రభుత్వం కింది అంతస్తు ఇళ్లకి ఇచ్చిన 25 వేలు ఇంట్లో మంచాలకీ బట్టలకీ చాలి ఉండదు. ఆయన తలలో ఏ అప్పు తిరుగుతోందో మెల్లగా కనుక్కోండి. బ్యాంకు అప్పయితే, ప్రకృతి విపత్తు వచ్చిన చోట గడువు పెంచడానికి రిజర్వు బ్యాంకు నిబంధనలు ఉన్నాయి, ఇంత ఆలస్యమైనా మేనేజర్ని కలిసి రాతపూర్వకంగా అడగండి. వారం వారం ఇంటి గుమ్మంలో నిలబడి వసూలు చేసే ఫైనాన్స్ అయితే ముందు దాన్ని వదిలించుకునే దారి చూడండి, నగ తాకట్టు పెట్టి అయినా సరే. ఆ గుమ్మం ముందు గొంతు వినపడుతున్నంతకాలం ఏ మనిషీ తేరుకోలేడు, ఇది నేను చాలా ఇళ్లలో చూశాను.

ఇంకోటి కూడా చెప్పాలి. సాయం అంతా మొదటి పదిహేను రోజుల్లోనే వస్తుంది. మీకూ అంతే జరిగి ఉంటుంది, పడవల్లో పాలు, మంచినీళ్లు, పైనుంచి డ్రోన్లతో భోజనం పొట్లాలు, రోజూ టీవీవాళ్లు, ఎక్కడెక్కడి నుంచో పులిహోర పాకెట్లు. ఆ రోజుల్లో మనుషులు కూలిపోరు, ఒకళ్లనొకళ్లు పట్టుకుని ఉంటారు, పక్కింటివాళ్ల కోసం నీళ్లలోకి దూకుతారు. కూలిపోయేది మూడో నెలలో, నాలుగో నెలలో. అందరూ వెళ్లిపోయాక, గోడల మీద నీళ్ల మరక మాత్రం మిగిలాక, ఫీజులు కట్టాల్సి వచ్చినప్పుడు. అందుకే మా సంస్థలో ఒక దశ తర్వాత నేను పట్టుబట్టి, మొదటివారం వెళ్లినవాళ్లే నాలుగో నెలలో మళ్లీ ఆ ఇళ్లకి వెళ్లాలని పెట్టించాను. ఏమీ ఇవ్వడానికి కాదు, ఊరికే కూర్చుని టీ తాగి రావడానికి. చాలా ఇళ్లలో మనుషులు అసలు సంగతి అప్పుడు చెప్పారు.

మీరు ఊళ్లు ఎలా కోలుకుంటాయని కూడా ఒక ముక్క అడిగారు. కలిసికట్టుగా ఉన్న ఊళ్లు త్వరగా లేస్తాయి, నిజమే. కులపెద్దల మాట మీద నడిచే మత్స్యకార పల్లెల్లో సునామీ తర్వాత వలలు, పడవలు లెక్క తేల్చి పంచుకోవడం చూస్తే ముచ్చటేసింది. డ్వాక్రా సంఘం సరిగా నడిచే ఊళ్లలో ఆడవాళ్లు పొదుపు డబ్బు తీసి ముందు ఎవరి ఇంటి కప్పు వెయ్యాలో వాళ్లే తేల్చుకున్నారు. కానీ అదే కట్టుబాటు బయటివాళ్లని బయటే ఉంచేస్తుంది. ఊరి చివర పీతలు పట్టుకుని బతికే యానాదుల గుడిసెలు ఆ లెక్కలోకి రాలేదు. వాళ్లకి రేషన్ కార్డు లేదు, ఇంటి నంబరు లేదు, వల వాళ్లదే అని చెప్పేవాళ్లు లేరు. ఊరు ఎంత బాగా కోలుకుందో రిపోర్టు నేనే రాశాను, వాళ్ల పేర్లు అందులో లేవని నాకు రెండేళ్ల తర్వాత తట్టింది, ఆ తప్పు ఇప్పటికీ బాధిస్తుంది. అప్పటి నుంచి ఏ ఊరు వెళ్లినా ముందు చివరి ఇల్లు ఎవరిదని అడుగుతాను. మీ వీధిలో కూడా అద్దెకుండే కుటుంబాలు, బండి మీద అమ్ముకునేవాళ్లు ఏమయ్యారో ఒకసారి చూడండి.

"మనవాళ్లు గట్టివాళ్లు, ఎంతైనా తట్టుకుంటారు" అనే పొగడ్త నాకు అస్సలు నచ్చదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో విన్నాను ఈ మాట. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటి వెళ్లేసరికి కొబ్బరి తోటలు నేలకొరిగాయి, జీడితోటలు పోయాయి. నాటు కొబ్బరి మొక్క పెడితే కాపుకి రావడానికి ఆరేడేళ్లు, అరవై ఏళ్ల రైతుని మళ్లీ మొక్క పెట్టమంటే ఎవరి కోసం పెట్టాలి. పైగా అంతకుముందు నుంచే ఇంటికొకరు కిడ్నీ జబ్బుతో పోతున్న ప్రాంతం అది, ఆ జబ్బుకి కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. డయాలసిస్‌కి వెళ్లొచ్చిన మర్నాడే విరిగిన చెట్లు కోసుకుంటున్న మనిషిని చూపించి "చూశారా, ఎంత ధైర్యమో" అన్నాడు మాతో వచ్చినాయన. ఆ మనిషి "ధైర్యం కాదు సార్, ఇంకేం చెయ్యమంటారు" అన్నాడు. వాళ్లకి హిరమండలం నుంచి వంశధార నీళ్లు రావడానికీ, పలాసలో కిడ్నీ ఆసుపత్రి తెరవడానికీ 2023 డిసెంబరు దాకా పట్టింది. తట్టుకుంటున్నారు కదా అని అన్నేళ్లు వదిలేశాం. బుడమేరు విషయం కూడా అంతే, గట్లకి మూడుచోట్ల గండ్లు పడి సింగ్‌నగర్ మునిగితే దానికి మీ నాన్నగారి మనోధైర్యాన్ని పరీక్షించడం న్యాయం కాదు. గట్లు గట్టిగా ఉన్నాయా, నీళ్లు పోయే దారి ఖాళీగా ఉందా అని మీ వీధివాళ్లు కలిసి అడుగుతూ ఉండటం కూడా కోలుకోవడంలో భాగమే, అలా అడిగే గుంపులో చేరిన మగవాళ్లు ఇంట్లో కూర్చున్నవాళ్లకన్నా త్వరగా మామూలు అవడం నేను చూశాను.

ఇక డాక్టరు సంగతి. ఆయన నిద్ర ఎలా ఉంది, తిండి ఎలా ఉంది, స్నానం చేస్తున్నారా, తాగుడు ఏమైనా మొదలైందా చూడండి. "నేను లేకపోతేనే మీకు మేలు" లాంటి మాట ఎప్పుడైనా అన్నారా? అంటే మాత్రం నేను పైన రాసినవన్నీ పక్కనపెట్టి ముందు సైకియాట్రిస్టు దగ్గరికి తీసుకెళ్లండి. చచ్చిపోవాలని అనిపిస్తోందా నాన్నా అని సూటిగా అడగడానికి భయపడకండి, అడిగినంత మాత్రాన ఆ ఆలోచన కొత్తగా పుట్టదు, ఎవరో ఒకరు అడిగారని గుండె బరువు దిగినవాళ్లనే చూశాను. మనసు బాగోలేనివాళ్లు ఫోన్ చేసి మాట్లాడే టెలి మానస్ నంబరు 14416, ప్రభుత్వానిదే, డబ్బులు అక్కర్లేదు, రాత్రయినా పగలైనా తెలుగులో మాట్లాడతారు. ఆయన మాట్లాడనంటే మీరు మాట్లాడండి. ఎనిమిది నెలలుగా మంచం దిగకపోవడం అంటే, ఆ మాట అనకపోయినా సరే, ఒక్కసారి డాక్టరుకి చూపించడం మంచిదని నా అభిప్రాయం. మందులు అవసరమైతే వాడటంలో తప్పేమీ లేదు, బీపీకి వాడటం లేదా.

వానాకాలం దగ్గరపడుతోంది, దీని గురించి కూడా చెప్పి ఆపుతాను. మొదటి పెద్ద వాన పడిన రాత్రి ఆయనకి నిద్ర పట్టదు, మీకూ పట్టకపోవచ్చు. అప్పుడు "ఏం కాదులే" అంటే ఎవరూ నమ్మరు. మా అమ్మ ఉప్పెన తర్వాత బతికినన్నాళ్లూ ప్రతి అక్టోబరులో ఒక మూట కట్టి డాబా మెట్ల పక్కన పెట్టేది, పట్టా కాగితాలు, రేషన్ కార్డు, రెండు చీరలు, నాకో గౌను, అటుకులు. నవంబరు వెళ్లాక విప్పేది. చిన్నప్పుడు నాకు అది చాదస్తంగా ఉండేది, విసుక్కునేదాన్ని. తర్వాత అర్థమైంది, ఆ మూట ఉన్న రాత్రిళ్లు ఆవిడ నిద్రపోయేది. మీ షాపులో కూడా గోడకి నడుం ఎత్తుకి పైన ఒక అటక కొట్టించండి, నీళ్లొస్తే కాపర్ చుట్టలు, కస్టమర్ల మోటార్లు ముందు ఎక్కడికి ఎక్కించాలో, కాగితాలు ఎవరింట్లో పెట్టాలో ఆయన చేతే ప్లాన్ వేయించండి. ఆ అటక ఎంత ఎత్తుండాలో ఆయనే కొలవాలి.

ఈ ఆదివారం పుస్తకం కొనండి. లిస్టులో ఎన్ని మోటార్లు తేలాయో నాకు రాయండి.